చిరునామా మారింది

పాత పోస్టాఫీసు నేలమాళిగలో పదకొండేళ్లు
గురక పెట్టిన సర్వర్‌ను శుక్రవారం ఆపేశారు.
ఆ గదికి అంతవరకూ
నిశ్శబ్దమంటే ఏమిటో తెలియదు.

ఇసాఫ్యోర్దుర్‌లో మంచు ఇంకా కరగలేదు.
స్టెయిన్‌వోర్ కారు వెనక సీట్లో
ఒక పార, ఫ్లాస్కు, ఎండుచేప పొట్లం,
కాగితం మీద ఒకే ఒక్క ఆదేశం:
పాత చిరునామా, కాస్త జాగా, కొత్త చిరునామా.

ఏ వాలు మీద ఎంత మంచు పేరుకుంటే
ఏ వీధిని ఖాళీ చేయించాలో
ఆ లెక్కలన్నీ ఒక భండారంలో ఉంటాయి.
ఊరికో పరిశీలకుడు, అతనికో లాప్‌టాప్,
అందులో భండారానికో నకలు.
భండారం రేక్యావిక్ తరలిపోయింది.
నకళ్లకు ఎవరూ కబురు పెట్టలేదు.
అవి ఇంకా పాత తలుపే తడుతున్నాయి.

నిజానికి మొదట పని చెడింది.
కోల్బెయిన్, ఇరవై రెండేళ్లవాడు, తొందర మనిషి,
అక్కడ అదే పేరుతో కొత్త భండారం తెరిచి
ఫైళ్లన్నీ అందులో కుమ్మరించాడు.
"అన్నీ ఉన్నాయిగా" అన్నాడు.
స్టెయిన్‌వోర్ సొంత లాప్‌టాపే ఒప్పుకోలేదు.
ఇది అది కాదు, అంది.

భండారం పుట్టినప్పుడే దానికో గుర్తు పడుతుంది,
అంకెలూ అక్షరాలూ కలిసి ముప్పై రెండు.
పేరు పెట్టినంత మాత్రాన పుట్టుమచ్చ రాదు.
శనివారం రాత్రంతా కూర్చుని కోల్బెయిన్
మొదటి మార్పు నుంచి
నాలుగువేల నూట డెబ్బై ఒకటో మార్పు దాకా
వరస తప్పకుండా మళ్లీ ఎక్కించాడు,
ఎవరు, ఏ రోజు, ఏ అంకె, ఎందుకు.
ఆదివారం లాప్‌టాప్ ఏమీ అనలేదు.
దాని భాషలో సరేననడం అదే.

ఈ దేశంలో మనలా ఇంటిపేర్లుండవు.
ఎర్లెందుర్ కూతురు ఎన్ని ఇళ్లు మారినా
ఎర్లెందుర్ కూతురే.
అందుకేనేమో స్టెయిన్‌వోర్‌కు
ఆ యంత్రం పట్టుదల వింతగా తోచలేదు.

బోలుంగార్విక్‌లో పని మూడు నిమిషాలు,
కాఫీ నలభై నిమిషాలు.
సుధురేరిలో లాప్‌టాప్ మీద పిల్లి పడుకుంది,
వెచ్చగా ఉంటుందట.
పిల్లిని లేపడానికే ఎక్కువసేపు పట్టింది.

థింగేరిలో ఎబెనెసర్. డెబ్బై నాలుగేళ్లు.
పడవ ఇంజిన్లు బాగుచేసిన వేళ్లు,
ఒక్కో మీటా వెతికి వెతికి నొక్కే వేళ్లు.
ఆదేశం నడిచింది. చిరునామా మారింది.
అలవాటుగా ఆమె నకలు పరిస్థితి అడిగింది.
ఒక ఫైలు పక్కన ఒకే అక్షరం:
ఇది మారి ఉంది.

మూడో లోయ. నూట ఇరవై సెంటీమీటర్లు కొట్టేసి
తొంభై.
కింద ఒక వాక్యం:
ఈశాన్యం గాలైతే నూట ఇరవై దాకా ఆగకండి,
నేను చూశాను.

ఫైలు తేదీ ఆరేళ్ల కిందటిది.

"పంపలేదేం?" అంది.
"రాశానుగా" అన్నాడు.
ఆమె చేతిలో కాఫీ కప్పు అలాగే ఉండిపోయింది.
ఆరు చలికాలాలు ఆ అంకె
ఈ వంటగది దాటలేదు.
ఆరు చలికాలాలు మూడో లోయ కింద ఇళ్లలో
దీపాలు వెలిగాయి, ఆరాయి,
గాలి దయ.

"రాయడం వేరు, పంపడం వేరు" అని చెప్పబోయి
చెప్పలేదు.
కుర్చీ అతనివైపు జరిపింది.
ఎందుకు మార్చారో రాయమంది.
అతను చాలాసేపు ఆలోచించి
ఒక్క వేలితో కొట్టాడు:
అప్పుడు నా కుక్క అక్కడే ఉంది.

తిరుగుదారిలో పెట్రోలు బంకు దగ్గర
ఎండుచేప నములుతుంటే కోల్బెయిన్ ఫోను.
"నాలుగువేల నూట డెబ్బై రెండు వచ్చింది.
ఎవరీ ఎబెనెసర్?
నేను మొత్తం ఎక్కించాను కదా,
పదకొండేళ్లలో ఈ పేరు ఒక్కచోటా లేదు."

"ఉన్నాడు" అంది స్టెయిన్‌వోర్.
"కుక్క సంగతి మాత్రం దిద్దకు.
అలాగే ఉండనీ."

ఇంకొక్క లాప్‌టాప్ మిగిలింది,
కనుమ అవతల.
ఆ దారి మే నెలదాకా తెరవరు.
అప్పటిదాకా అది రోజూ పొద్దున్న లేచి
లేని తలుపు తడుతుంది.
దాంట్లో ఏం రాసి ఉందో.